విడిభాగాల పద్దు

లెఫ్టినెంట్ రాడిత్య వచ్చాడు, చేతిలో ఇత్తడి పలక కొలతలతో.
"గేటు ముందు నిలబెట్టిన విమానానికి
చరిత్ర కావాలి, బాపక్ కస్మిరాన్.
ఎప్పుడొచ్చింది, ఎక్కడెక్కడ ఎగిరింది, ఎప్పుడు దిగిపోయింది.
నాలుగు వాక్యాలు చాలు."

నా దగ్గర పదకొండు పద్దు పుస్తకాలున్నాయి.

కూర్చో నాయనా, టీ తాగు.
మలాంగ్‌లో ఈ వారమంతా మబ్బే.
సెమేరు కొండ పొగ కూడా కనిపించడం లేదు,
తొందరపడి బయటికెళ్ళి చూసేదేముంది?

తోకతో మొదలుపెడదాం.
నువ్వు కొత్త రంగేయించిన ఆ అంకె
తోకది, విమానానిది కాదు.
తోక నలభై ఆరుది.
ముక్కు ముప్ఫై తొమ్మిదిది,
వామెనా బురదలో ముందు చక్రం విరిగి
సిమెంటు బస్తాలతో సహా బోర్లా పడినది.
ఎడమ రెక్క ఎవరిదో మూడో పుస్తకం చూసి చెప్పాలి,
ఆ పేజీని చెదలు నాకంటే ముందే చదివాయి.
నడుము మాత్రం నలభై ఒకటిదే.
దాని పేరు ఎక్కడా రాసి లేదు.

సముద్రం అవతలివాళ్ళు ఆ ఏళ్ళలో అమ్మం అన్నారు.
పంపు అమ్మం, సీలు అమ్మం,
అద్దం తుడిచే రబ్బరు ముక్క కూడా అమ్మం.
అప్పుడు హాంగరులో ఒకటే లెక్క,
ఐదు ఎగరాలంటే ఒకటి ఎగరకూడదు.

మొదటిరోజు అడిగింది ఒక్క ఇంధనపు పంపు.
చేబదులు.
"వారంలో తిరిగిస్తాం" అని సంతకం పెట్టారు.
సంతకం చెక్కుచెదరలేదు,
ఆ వారమే ఇంకా రాలేదు.

తర్వాత జనరేటరు. తర్వాత మూడో ఇంజను.
తర్వాత పైలట్ సీటు పక్కనుండే బూడిద గిన్నె,
అదెందుకయ్యా అంటే కెప్టెన్ గారి ముచ్చట అన్నారు.
మెకానిక్ తర్ముజి ఏది విప్పినా
ఒక లవంగం సిగరెట్టు చక్రం మీద పెట్టేవాడు,
వెలిగించకుండా.
హాంగరులో అగ్గిపుల్ల గీస్తే జైలు మరి.
సాయంత్రం అదే సిగరెట్టు బయట కాల్చుకునేవాడు,
అది వద్దందిలే అని.

ఆ డిసెంబరులో అల వచ్చింది.
అచేకి బియ్యం, నీళ్ళు, సున్నం, శవాలకు సంచులు.
ఎగిరినవి ఐదు.
నలభై ఒకటి ఇక్కడే, జాకీల మీద,
కడుపులో పిచ్చుకలతో.
కానీ ఆ ఐదింటిలో తిరిగిన ప్రొపెల్లర్ల గవర్నరు ఎవరిది?
తలుపు మూసిన హైడ్రాలిక్ గొట్టం ఎవరిది?
వస్తూ వస్తూ ఒక పిల్లను తెచ్చారు,
నాలుగేళ్ళుంటాయేమో, పేరడిగితే చెప్పలేదు.
పిల్లను పట్టి ఉంచిన సీటు బెల్టు
ఏడో పుస్తకం, పద్దెనిమిదో పేజీ, కింద నుంచి మూడో వరుస.

అరువు సొమ్ము బరువు చేటంటారు.
ఆ బరువు మాత్రం రోజుకి మూడుసార్లు గాల్లోకి లేచింది.

పెట్టెలు తర్వాతెప్పుడో వచ్చాయి.
మైనపు కాగితంలో చుట్టిన పంపు,
నూనె వాసన, పెళ్ళికొడుకులా మెరుస్తూ.
బ్లితార్‌లో చేపలు పెంచుకుంటున్న తర్ముజికి ఫోన్ చేశాను.
"ఇప్పుడా! మోకాలి చిప్పలు ఉన్నాయేమో చూడు,
రెండు కావాలి" అన్నాడు.

పంపు పట్టుకుని నలభై ఒకటి దగ్గరికి వెళ్ళాను.
బిగించడానికి చోటుంది.
చుట్టూ ఇంకేమీ లేదు.

లెఫ్టినెంట్ టీ మీద మీగడ కట్టింది.
మంచి కుర్రాడు, మధ్యలో గడియారం చూడలేదు.
"మరి ఏ నంబరు రాయమంటారు, బాపక్?"

ఇత్తడి మీద చోటు తక్కువ.
వచ్చేవాళ్ళు స్కూలు పిల్లలు, ఫోటో దిగి వెళ్ళిపోతారు.
తోక మీద ఏముందో అదే రాయి అన్నాను.

అతను వెళ్ళాక
పదకొండో పుస్తకం చివరి పేజీ తెరిచాను.
ఒక్క వరుసే మిగిలింది.

వస్తువు: చరిత్ర. సంఖ్య: ఒకటి.
తీసింది: నలభై ఒకటి నుంచి.
అమర్చింది: నలభై ఆరుకి.
తిరిగిచ్చే గడువు: వారం.